పెట్టెలో పట్టణం, సాలెవీధి మగ్గాలు

ఎప్పటి మాటో, ఎక్కడి మాటో గానీ, పసుపులేరు అనే రాజ్యాన్ని రణగండ మహారాజు ఏలుతుండేవాడు. ఆయన దగ్గర ఒక వీడియో గేము ఉండేది. ఆ కాలంలో వీడియో గేము ఎక్కడిదని అడక్కండి. ఓడ వ్యాపారి ఎవరో తెచ్చిచ్చాడు, అంతే.

ఆ పెట్టెలో బుల్లి పట్టణం ఒకటి. పొలాలు దున్నించి, అంగళ్లు పెట్టించి, కోటలు కట్టించి దాన్ని నడపాలి. ఆరు నెలలు ఆడి ఆట మొత్తం గెలిచేసరికి రాజుకు పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

"ఊరు నడపడంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద లేడు" అని మీసం దువ్వేవాడు.

ఒకనాడు నిండు కొలువులో ఆజ్ఞ వేశాడు. "కొత్త గుర్రపుశాలకు కలప చాలడం లేదు. రేపు సాలెవీధిలో అరవై ఇళ్లూ కూల్చండి. ఇల్లు కూలిస్తే సగం కలప తిరిగొస్తుంది. ఆటలో నేనెన్నిసార్లు చేయలేదు!"

కొలువంతా నిర్ఘాంతపోయింది. ధాన్యపు కొట్లు చూసే తిప్పన కొలువు నుంచి బయటికొచ్చాడు. కాళ్లీడ్చుకుంటూ సాలెవీధికి వెళ్లాడు. మల్లక్క అనే నేతగత్తె మగ్గం కింద తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. సంగతి వినగానే ఆమె నేత ఆపేసింది.

"ఈ గుంటను మూటగట్టుకుని పోగలనా అయ్యా? మగ్గానికి పడుగు నూలెక్కించి నాలుగు రోజులే అయింది. తెగ్గోస్తే నూలంతా పాడే. ఏం తిని బతకాలి మేం?"

తిప్పన దారిపొడవునా ఒక ఉపాయం అల్లుకున్నాడు. తిరిగి కొలువుకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"చిన్న సందేహం ప్రభూ. తమ ఆటలో కలప కావాలంటే ముందు చిన్న ఇల్లు కూలుస్తారా, పెద్ద ఇల్లా?"

"పెద్దదే! ఆ మాత్రం తెలియదూ?"

"అయితే ఊళ్లోకెల్లా పెద్ద ఇంటితో మొదలుపెట్టమని ఆజ్ఞ రాయించి ముద్ర వేయండి."

అది ఎవరి ఇల్లని కూడా అడక్కుండా రాజు ముద్ర గుద్దేశాడు.

మర్నాడు పొద్దున్నే పడకగదిలో ఆయన ఆటలో మునిగి ఉండగా నెత్తిన పెంకు ముక్క పడింది. తలెత్తితే ఆకాశం! పైన వడ్రంగులు తాపీగా దూలాలు విప్పుతున్నారు. రాజు కెవ్వుమన్న కేకకు పరిచారికల చేతుల్లోని పళ్లేలు పడిపోయాయి.

"ద్రోహం! ఎవడి పని ఇది?"

తిప్పన ముందుకొచ్చాడు. తల పోయినా పోవచ్చని తెలిసే వచ్చాడు. "తమ ఆజ్ఞే ప్రభూ. ఊళ్లో ఇంతకన్నా పెద్ద ఇల్లు లేదు."

"లోపల నేనున్నాను కదరా!"

"సాలెవీధి ఇళ్లలోనూ మనుషులున్నారు ప్రభూ. పెట్టెలో బొమ్మలు ఇల్లు కూలినా అరవవు. తమరు అరిచారు."

రాజు ముఖం కందగడ్డయింది. "ముందు నా కప్పు ఎప్పట్లా పెట్టించు!"

"పెట్టెలో పొరపాటు జరిగితే తమరేం చేస్తారు?"

"దాచి ఉంచిన నిన్నటి ఆట మళ్లీ తెరుస్తాను."

"అలాగే నిన్నటి రోజును తెరవండి ప్రభూ. కప్పు దానంతటదే వచ్చేస్తుంది."

పైన వడ్రంగులు పని ఆపి కిందికి తొంగి చూశారు. రాజు పెట్టెను చూశాడు, ఆకాశాన్ని చూశాడు, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు.

"గెలిచావయ్యా! ఆజ్ఞ రద్దు. కప్పు వేసేదాకా నా నెత్తిన ఎండ పడకుండా ఒక చాందినీ కావాలి. తొందరగా ఎవరు నేస్తారు?"

"సాలెవీధి మల్లక్క నేస్తుంది ప్రభూ, ఇల్లు ఇంకా నిలిచే ఉంది కాబట్టి."

రాజు మళ్లీ పకపకా నవ్వి, తన చేతి కంకణం తీసి తిప్పన చేతికి తొడిగాడు.