బెల్లం లేని పాయసం

సముద్రపుటొడ్డున ఒకానొక రాజ్యాన్ని ఉద్దండ భూపతి ఏలేవాడు. ఆ రాజ్యంలో పెద్ద ఉప్పు సరస్సు ఉండేది. ఒకవైపు ఏరు వచ్చి అందులో కలిసేది. రెండోవైపు 'మొగ' అనే సన్నని దారిగుండా సముద్రం పోటుకి లోపలికి వచ్చి, ఆటుకి వెళ్ళిపోయేది. ఆ రాకపోకలవల్లే సరస్సులో చేపలూ రొయ్యలూ, వాటిని పట్టుకుని నాలుగు పల్లెలూ బతికేవి.

ఒకసారి రాజుగారి బావమరిది పడవ షికారు చేస్తుండగా నోట్లో నీళ్ళు పడ్డాయి. "బావా, ఇది సరస్సా, ఊరగాయ జాడీయా?" అన్నాడు.

రాజుకి రోషం పొడుచుకొచ్చింది. ఆస్థాన పండితుడు విరూపాక్షావధాని గొంతు సవరించుకున్నాడు.

"ఉప్పు వచ్చేది సముద్రం నుంచి. మొగకు అడ్డకట్ట వేయిస్తే ఏటినీటితో సరస్సు కొబ్బరినీళ్ళవుతుంది ప్రభూ."

కట్ట వేశారు. వేసవి వచ్చి ఏరు ఎండింది. ఎండకు నీరు ఇగిరి ఇగిరి సరస్సు మునుపటికన్నా ఉప్పు కషాయమైంది. చేపలు తెల్లగా తేలాయి. ఇదేమిటని రాజు అడిగితే అవధాని తడుముకోలేదు.

"ఉప్పు నీళ్ళలో లేదు ప్రభూ, జనం నాలుకల మీద ఉంది."

రాజుకి ఆ మాట నచ్చింది. సరస్సు ఉప్పగా ఉందన్నవాళ్ళు నూరు తట్టల మట్టి మొయ్యాలని దండోరా వేయించాడు.

ఆస్థానంలో తిప్పన అనే హాస్యగాడు ఉండేవాడు. రోజూ అతని ఇంటికి చేపలు తెచ్చే నూకాలు ఆ ఉదయం ఖాళీ గంపతో వచ్చింది.

"పది రోజులుగా మా పొయ్యిలో పిల్లి లేవడంలేదు బాబూ. ఈ వారంలో పల్లె ఖాళీ చేసి పోతన్నాం. ఎందుకని అడగమాకండి. చెబితే మట్టి మొయ్యాలి."

తిప్పనకు ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు రాజుగారి పుట్టినరోజు విందు. వంటశాల పెత్తనం తిప్పన అడిగి మరీ పుచ్చుకున్నాడు. వెండి గిన్నెల్లో పాయసం వడ్డించి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సరస్సు నీళ్ళతో కాయించాను ప్రభూ. నీళ్ళే తియ్యగా ఉన్నప్పుడు దండగని బెల్లం వెయ్యలేదు."

పైకి నవ్వుతున్నాడే గాని లోపల భయమే. ఏలినవారికి కోపమొస్తే మెడ మీద తల నిలవదు.

రాజు ఒక గుక్క మింగాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతలో దండోరా గుర్తొచ్చింది.

"తియ్యగానే ఉంది," అన్నాడు పీలగొంతుతో.

అవధానీ మింగి, "అమృతం," అన్నాడు.

"అవధానిగారికి తీపంటే ప్రాణం," అంటూ తిప్పన ఇంకో గరిటె వేశాడు. ఆయన అదీ కళ్ళు మూసుకుని మింగాడు. మూడో గరిటెకి గిన్నె మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"చాలు నాయనా. ఉప్పుకి నాలుక కొయ్యబారింది."

రాజు బరువుగా ఊపిరి వదిలాడు.

"బతికించావయ్యా అవధానీ. క్షణం ఆగితే నేనే ఉప్పని అనేసేవాణ్ణి."

"అనేశారు ప్రభూ," అన్నాడు తిప్పన మెల్లగా.

రాజు ముఖం కందగడ్డయింది. "అయితే నన్నూ మట్టి మొయ్యమంటావా?"

"ఆజ్ఞ ఏలినవారిది. ఎక్కడి మట్టి అన్నది మాత్రం అందులో లేదు. మొగ దగ్గర కట్ట ఉంది కదా, అక్కడిదైతే వదులు మట్టి, తవ్వడం తేలిక."

రాజు కాసేపు గుడ్లురిమి చూశాడు. ఆ చూపు నిలవలేదు. పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

తెల్లారేసరికి తలపాగా చుట్టి మొదటి తట్ట ఆయనే ఎత్తాడు. వెనక ఆయాసపడుతూ అవధాని, ఆ వెనక సభంతా. పల్లెలవాళ్ళు పారలతో దిగారు. మూడోనాటి పోటుకి కట్ట తెగి సముద్రం లోపలికి ఉరికింది.

"సముద్రం వస్తే ఉప్పు తగ్గడమేమిటోయ్?" అన్నాడు రాజు, తడిసిన పంచె పిండుకుంటూ.

"పులుసు మరిగితే ఉప్పెక్కదా ప్రభూ? నీళ్ళు పోస్తేనే దారికొస్తుంది. వేసవిలో ఏరు పొయ్యదు. ఇక సముద్రమే పొయ్యాలి."

రొయ్యలు తిరిగొచ్చిన నాడు రాజు తన ముత్యాల హారం తీసి తిప్పన మెడలో వేశాడు.

"ఇకమీదట మొగకి అధికారివి నువ్వే. ఇసుక మేట వెయ్యకుండా చూసుకో."

"హారం ఉంచుకుంటాను ప్రభూ. అధికారం మాత్రం నూకాలు పల్లెకి ఇప్పించండి. నాకు ఈత రాదు."

రాజు మళ్ళీ నవ్వి, అలాగే ఇప్పించాడు.