కట్లు ఉతికే నూకాలు

వినేవాళ్లంతా దగ్గరికి జరగండి. మన ముత్తాతల ముత్తాతలకీ ముందటి మాట. ఏటి ఒడ్డున ఒక ధర్మ వైద్యశాల ఉండేది. అక్కడ రోగుల కట్లు ఉతికే మనిషి నూకాలు.

ఒక ఏడు రాజుగారు ఖర్చు తగ్గించమన్నారు. వైద్యశాల పెత్తనం చూసే జగ్గరాజు కట్టుగుడ్డలు సగానికి తగ్గించేశాడు. పుండ్లకి చీము పట్టింది.

నూకాలు వెళ్లి చెప్పింది. "బాబూ, గుడ్డలు తగ్గించకండి."

"మరి దేన్ని తగ్గించను?"

"మూడు రోజులు ఆగండి. చూసొచ్చి చెప్తాను."

మొదటి రోజు మందుల గది చూసింది. జ్వరానికి కాచే నేలవేము ఏడాదికి సరిపడా ఒక్కసారే కొన్నారు. అడుగుదంతా బూజు.

రెండో రోజు మంచం మంచం తిరిగింది. తేనె పడని ముసలాయనకి రోజూ తేనె పోస్తున్నారు. పక్క మంచం ఆమెకి చాలడం లేదు.

మూడో రోజు కొండెక్కింది. "నేలవేము వారం వారం తెస్తారా?" అని అడిగింది. "తెస్తాం నూకాలమ్మా" అన్నారు ఆ మందాకు కోసి అమ్మే కొండవాళ్లు.

చూసొచ్చి చెప్పింది. "కొంచెం కొంచెంగా తెప్పించండి. పాతది ముందు వాడండి. మనిషిని చూసి మందివ్వండి. పారేసేది ఆగితే గుడ్డలకి లోటుండదు. ఒక్క కడవ నేలవేము మాత్రం పక్కన ఉంచుతాను. నెల నెలా కొత్తది పోస్తుంటాను."

"వాడని కడవ దండగ కదా?"

"ఏరు పొంగితే కొండవాళ్లు రాలేరు బాబూ."

జగ్గరాజు గొణుక్కుంటూనే మందుల గది తాళాలు ఆమె చేతికిచ్చాడు.

మొదటి వానాకాలం ఏరు పొంగలేదు. "దండగే" అన్నాడు జగ్గరాజు. రెండో వానాకాలమూ పొంగలేదు. "దండగే" అన్నాడు. మూడో వానాకాలం ఏరు దారినే మింగేసింది. ఊరంతా జ్వరాలు. వారం మందు మూడు రోజులకే అయిపోయింది. జగ్గరాజు కూతురూ మంచం పట్టింది.

అతను గుమ్మంలో నిలబడ్డాడు. "ఏమైనా మిగిలిందా నూకాలూ?"

ఆమె కడవ మూత తీసింది. "పాపకి ఒక గిన్నె కషాయం. అందరికీ ఒకటే గిన్నె బాబూ."

"అదే చాలు" అని వరసలో కూర్చున్నాడు.

కడవ అడుగు కనబడిన రోజున ఏటి పొంగు తగ్గి, కొండవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని మోకాలి లోతు నీళ్లలో నడిచొచ్చారు. అప్పటికి పాప గంజి తాగుతోంది. జగ్గరాజు అరుగు మీద కూలబడ్డాడు.

"ఏరు తీసింది నూకాలూ" అన్నాడు.

ఆమె కూడా పక్కన చతికిలబడింది. "నాకూ భయమేసింది బాబూ" అంది.

నూకాలు పోయి ఎన్ని తరాలైందో తెలీదు. కానీ ఆ ఏటి వార ఊళ్లలో జ్వరం దిగి బిడ్డకి చెమట పట్టగానే, తల్లి ఆ నుదురు తడిమి చూసి మెల్లగా అంటుంది: "ఏరు తీసింది నూకాలూ." అప్పుడు ఇంట్లోవాళ్లు అన్నానికి లేస్తారు.