వెనక వరస, ఎడమ చివర

పున్నయ్య మాస్టారు గ్రూపు ఫొటో తీస్తున్నారంటే పెళ్ళివారికి హడలు. అవతల వంటలు చల్లారుతున్నా, అప్పగింతలకి ఆలస్యమవుతున్నా ఆయనకి పట్టదు. తన వెనక ఉన్న కుర్చీలు తీయించాలి, కూలర్లు పక్కకి లాగించాలి, అవసరమైతే భోజనాల బల్లలు కూడా జరిపించాలి. అలా వెనక్కీ వెనక్కీ నడిచి, గోడ వీపుకి తగిలాక గానీ కెమెరా కంటికి ఆనించరు. రేపల్లెలో ఆయనకి 'జరగండి మాస్టారు' అని పేరు పడిపోయింది. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఇంతవరకూ ఎవరికీ రాలేదు.

ఆయన దగ్గర ఆరేళ్ళుగా పని నేర్చుకుంటున్న బాజీకి ఇదంతా తలవంపుగా ఉండేది. బాజీ ముప్పై దాటినవాడు, పనిమంతుడు, కంప్యూటరు ముందు కూర్చున్నాడంటే ఆరిందా. మొన్నొక పెళ్ళిలో మాస్టారు పెళ్ళికొడుకు మేనమామని కుర్చీలోంచి లేపి దూరంగా పొమ్మన్నారు. ఆ పెద్దమనిషి అలిగి ఫొటోలోకే రాలేదు. పెళ్ళివారు తిట్టిన తిట్లన్నీ బాజీ వంతుకొచ్చాయి. మర్నాడు స్టూడియోలో అతను ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, జూమ్ లెన్సుంది గదా. ఉన్నచోటే నిలబడి రింగు తిప్పితే అందరూ ఫ్రేములోకొస్తారు. మూలలు కాస్త నల్లబడితే పడనీండి, తర్వాత నేను వెలిగిస్తాను. ఆ మూలల కోసం ఇంతమందిని కదపాలా?"

అతనన్నదాంట్లో అబద్ధం లేదు. జూమ్ లెన్సుని పూర్తిగా వెడల్పుకి తిప్పితే నడిమధ్య పడినంత వెలుతురు మూలలకి చేరదు, అక్కడ చీకటి కమ్ముతుంది. ఈ సంగతి ఫొటోలు తీసే ప్రతివాడికీ తెలుసు. కంప్యూటర్లో దాన్ని సరిచేసే ఉపాయం ఉందన్నదీ నిజమే.

మాస్టారు వాదించే మనిషి కాదు. లేచి వెళ్ళి ఇనప బీరువా తీసి, ఒక పాత కవర్లోంచి నెగెటివ్‌నీ, దాని ప్రింటునీ తెచ్చి బల్లమీద పెట్టారు. ఇరవై ఏడేళ్ళ కిందట ఒక లంక గ్రామం బడిలో తీసిన ఏడో తరగతి గ్రూపు ఫొటో అది. మధ్యలో కుర్చీల్లో కూర్చున్న పంతుళ్ళు చొక్కాల ఇస్త్రీ మడతలతో సహా కనిపిస్తున్నారు. వెనక వరసలో, బల్లమీద నిలబడ్డ పిల్లల్లో ఎడమ చివర ఇంకొకరున్నారని రెండు తెల్ల రిబ్బన్లని బట్టి పోల్చుకోవాలి. మొహం ఉండాల్సిన చోట నలుపు తప్ప ఏమీ లేదు.

ఆ పిల్ల పేరు రత్నకుమారి. ప్రింట్లు కడిగి ఇచ్చేలోపే మెదడువాపు జ్వరంతో పోయింది. తల్లి ఆదెమ్మ నాట్లకి పోయే మనిషి. పిల్లని స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించాలన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, కాబట్టి ఈ ఒక్కటి తప్ప వేరే ఫొటో లేదు. ఆమె ఏటా ఒకసారి వచ్చి, ఆ మొహం ఒక్కటీ పెద్దది చేసివ్వమని అడుగుతుంది. డార్క్‌రూములో తాను చేయని ప్రయత్నం లేదని మాస్టారు చెప్పారు. ఈ ఏడు వచ్చినప్పుడు, పిల్ల గొంతు ఇంకా చెవిలో ఉంది గానీ మొహం జారిపోతోందని ఆదెమ్మ ఏడ్చిందట.

"నువ్వు వెలిగించు," అన్నారు మాస్టారు.

బాజీ మూడు రోజులు దానిమీదే కూర్చున్నాడు. నెగెటివ్‌లో అన్నీ తిరగబడి ఉంటాయి. వెలుతురు పడిన చోట నల్లగా, పడని చోట ఖాళీగా ఉంటుంది. ఆ మూల దాదాపు ఖాళీగా ఉంది. వెలుగు ఎంత పెంచినా బూడిదరంగు ఇసక రేగిందే తప్ప మొహం రాలేదు. నాలుగో రోజు, కొత్తగా వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్‌కి ఆ ఇసకని అప్పగించాడు. నిమిషంలో పన్నెండేళ్ళ పిల్ల తేలింది. చక్కని కళ్ళు, నున్నటి బుగ్గలు, అవే రిబ్బన్లు. బాజీకి ఏడుపొచ్చినంత పనైంది. ఆ సంతోషంలో తను చేసిందేమిటో అతనికి తట్టలేదు. ఫ్రేము కట్టించి ఆదెమ్మకి కబురు పెట్టాడు. మాస్టారు ఆ ఫొటో చూసి బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు. ఆయన ఆ పిల్లని చూసింది ఒక్క పూట, అదీ యాభైమందిలో.

ఆదెమ్మ వచ్చింది. కొంగుతో చేతులు తుడుచుకుని ఫ్రేము అందుకుని చాలాసేపు చూసింది.

"పిల్ల చక్కగుంది బాబూ. ఎవరమ్మాయి?"

బాజీ వాలకం చూసి ఆమెకే అర్థమైపోయింది. కన్నతల్లినై ఉండి గుర్తుపట్టలేకపోయానని సిగ్గుతో చితికిపోయింది. కళ్ళకి శుక్లాలొచ్చాయంది, ఇన్నేళ్ళలో తనే మర్చిపోయి ఉంటానంది, ఏమీ అనుకోవద్దని అంత కష్టపడి చేసిన అబ్బాయిని బతిమాలింది. ఆ బుగ్గలమీద, ఆ కళ్ళమీద వేలు పెట్టి రాస్తూ, ఇదే తన కూతురని కొత్తగా నేర్చుకోవడానికి చూసింది. చివరికి ఫ్రేముని తువ్వాల్లో చుట్టుకుని లేవబోయింది.

అప్పుడు ఊరుకుంటే సరిపోయేది. గోడమీద ఒక మొహం, దానికొక దండ, ముసలిప్రాణానికి ఊరట, ఎవరి సొమ్మూ పోలేదు. నేనైతే ఊరుకునేవాణ్ణేమో. అలా ఊరుకుని మంచివాళ్ళమనిపించుకోవడం మనకి అలవాటే. బాజీ మాత్రం వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నువ్వేం మర్చిపోలేదు. అది మీ అమ్మాయి కాదు. మిషను అల్లిన మొహం."

ఆదెమ్మ అతనికేసి చూసింది. తువ్వాలు విప్పి, ఫ్రేము తీసి బల్లమీద బోర్లించింది.

"మా కుమారికి ఎడం కన్ను మెల్ల బాబూ," అంది. "ఇందులో లేకపోయేసరికి, అది కూడా నేనే కల్పించుకున్నానేమో అనుకున్నా."

అని, ఆ కంటి గురించి చెప్పింది. బడిలో పిల్లలు వెక్కిరిస్తే కుమారి ఇంటికొచ్చి తల్లి వీపు వెనక దాక్కునేదట. అందుకే ఫొటో రోజున కూడా తనంతట తనే చివరికి పోయి నిలబడి ఉంటుందంది. చెబుతూ చెబుతూ ఏడ్చింది, మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. తర్వాత ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని, బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. బాజీ ఆమెని బస్టాండుదాకా దింపి వచ్చాడు.

తిరిగొచ్చేసరికి మాస్టారు నెగెటివ్‌ని కవర్లో పెడుతున్నారు. బాజీ ఆ మూల అంతగా ఎందుకు నల్లబడిందని అడిగాడు. మబ్బు పట్టిందా, లేక లెన్సు చవకదా అన్నాడు.

"లెన్సు మంచిదేరా, అప్పుడే కొత్తగా కొన్న జూమ్," అన్నారు మాస్టారు. "నా వెనకాల హెడ్మాస్టరుగారి స్కూటరుంది. జరపమనడానికి మొహమాటపడ్డాను."