ఉసిరిచెట్టు దగ్గర మాటు

కార్తీకం వచ్చిందంటే నల్లమల వాలులో దుప్పిపోతు సుంకన్న కాలు ఒకచోట నిలిచేది కాదు. వానాకాలమంతా కొమ్ములకి పట్టి ఉన్న మెత్తటి తోలు అప్పటికి ఊడిపోయి, గట్టి కొమ్ములు బయటపడతాయి. వాటిని నలుగురికీ చూపించుకోవద్దా? వాగు ఒడ్డున ఓ ఉసిరిచెట్టుని ఎంచుకుని, బెరడు లేచిపోయి తెల్లటి మాను కనబడేదాకా కొమ్ములతో రుద్దేవాడు. దాని కింద ఆకులన్నీ గిట్టతో ఎగదోసి, నేల గీరి, ఆ మట్టిలో తన వాసన వదిలేవాడు. ఈ వాలు సుంకన్నది, పెళ్ళికావలసిన ఆడపిల్లలు ఇటు రావచ్చు, ఇంకో మగవాడు మాత్రం రాకూడదు అని దాని అర్థం. దుప్పుల లోకంలో అంతకు మించిన పేరుపలక లేదు.

పలక పెట్టి ఊరుకుంటే గొడవే ఉండేది కాదు. రోజూ తెల్లవారగానే వచ్చి చూసుకోవాలి. గీరిన చోట ఒక్క ఆకు రాలినా మళ్ళీ గీరాలి. అలా గీరకపోతే ఆ పూట మేత లోపలికి పోదు పాపం.

"ఏందిరా ఇది? పెళ్ళికొడుకువా, చెట్టుకి కావలివాడివా?" అని అక్క ఓబులక్క ఎగతాళి చేసేది. తల్లి పోయాక సుంకన్నని పెంచింది ఆవిడే. ఒక చెవి సగం చిరిగి ఉంటుంది గానీ, మిగిలిన చెవిన్నర చాలు ఆవిడకి, అడవంతా వినడానికి.

"నీకు తెలీదులే అక్కా. రెండు రోజులు పోకపోతే ఇంకోడు వచ్చి నా గుర్తు మీద కొమ్ములు రుద్దుతాడు. అప్పుడు నా పరువేం కావాల?"

ఒకరోజు సుంకన్న మేస్తుంటే నక్క పుల్లయ్య వచ్చాడు. దూరంగానే కూర్చుని, తల అటూ ఇటూ ఊపాడు.

"సుంకన్నా, ఆ ఉసిరిచెట్టు పని నీదేనా? అంత ఎత్తున ఎవరు రుద్దారబ్బా అనుకున్నా! ఈ వాలులో ఇంకొకరి వల్ల అవుతుందా?"

సుంకన్న మెడ నిటారుగా లేచింది. "నాదే మరి."

"రోజూ పోతావేమో?"

"పోకపోతే ఎట్టా? తెల్లారి పొగమంచు ఇంకా విడవకముందే అక్కడుంటా."

"ఒక్కడివేనా? భయం లేదూ?"

"చెట్టు నాది. భయం దేనికి?"

"అదీ మగతనం!" అని పుల్లయ్య తోక ఆడించుకుంటూ వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఈ మాట సుంకన్న గొప్పగా చెబితే ఓబులక్క నెమరు ఆపేసింది. "ఒరేయ్, నక్కకి నీ పెళ్ళి ముచ్చట దేనికిరా? వాడు చిరుత దొర ఎంగిలి తిని బతికేవాడు. దొరకి వారంగా వేట దొరకలేదు. ముసలోడవుతున్నాడు, పరిగెత్తలేడు. పరిగెత్తలేనోడికి ఏం కావాల? నువ్వు ఏ వేళకి, ఏ చెట్టు దగ్గరికి, నీ అంతట నువ్వే వస్తావో తెలిస్తే చాలు. అది నువ్వే చెప్పి పంపించావు!"



ఈ వాలు వదిలి పోదామంటే చుట్టుపక్కల నీళ్ళున్న వాగు ఇదొక్కటే. అక్క మాట మీద రెండు తెల్లవారుజాములు పంటి బిగువున ఆగాడు. ఆ రెండు పూటలూ వాడు పడ్డ బాధ చూస్తే ఎవరికైనా జాలి వేస్తుంది. గిట్ట దానంతట అదే లేచేది, ఉత్త రాతినేలని గీరేది.

మూడోరోజు ఓబులక్కే అంది: "చూడలేకుండా ఉన్నానురా నిన్ను. మిట్టమధ్యాహ్నం పో. ఆ వేళ దొర పైన బండల సందులో పడుకుంటాడు. చూసి వెంటనే రా."

సుంకన్న గాలికి ఎదురుగా, అడుగు తీసి అడుగు వేస్తూ వెళ్ళాడు. ఉసిరిచెట్టు దగ్గర ఎవరూ లేరు. కానీ పదడుగుల అవతల కలివిపొద వెనక గడ్డి నలిగిపోయి ఉంది. పెద్ద ఒళ్ళు ఏదో చాలాసేపు పడుకున్న జాడ. అక్క ఆపి ఉండకపోతే ఈపాటికి తన ఎముకలు ఇక్కడే ఉండేవి.

పారిపోదామని తిరిగినవాడు ఆగాడు. పొద పక్కనే ఉన్న మద్దిమాను మీద పైనుంచి కిందికి గోళ్ళ గీతలు. కొత్తవి, ఇంకా తడి ఆరలేదు. దాని కింద వెనక కాళ్ళతో నేల గీరిన చార, అందులో ఘాటైన వాసన.

మాటు వేసినవాడు చప్పుడు చేయకూడదు, జాడ వదలకూడదు. అంత పెద్ద దొరకి ఆ సంగతి తెలియక కాదు. చెట్టు కనబడింది, గోళ్ళు దురద పెట్టాయి, ఆగలేకపోయాడు. అది సుంకన్నకి అర్థమైనంతగా ఇంకెవరికి అర్థమవుతుంది? ఒక్క క్షణం ఆ చిరుత మీద వాడికి కోపం కూడా రాలేదు.

'నా గుర్తు మీద ఇంకోడు రుద్దితే నాకెట్టా ఉంటుంది?' అనుకున్నాడు. అనుకున్నదే తడవు, తల వంచి మద్దిమాను మీద కొమ్ములు ఆనించాడు. రుద్దుతూ ఆగి వింటూ, వింటూ మళ్ళీ రుద్దుతూ, దొర గీతలు ఒక్కటీ మిగలకుండా చెరిపేశాడు. కింద చారని గిట్టలతో కలిపేసి, తన వాసన వదిలి, ఒక్క దూకులో వాగు దాటాడు.

మర్నాడు తెల్లవారుతుండగా అక్కాతమ్ముళ్ళు అవతలి గట్టు మీద నుంచి చూస్తున్నారు. దొర పిల్లిలా వచ్చాడు. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. వెనకాలే పుల్లయ్య. పొద వెనక పడుకోబోతూ దొర తల ఎత్తాడు. మద్దిమాను చూశాడు.

"పుల్లయ్యా! ఎవడ్రా ఇది చేసింది?"

"దొరా, మెల్లగా! దుప్పి వచ్చే వేళయింది. కూర్చోండి."

"నా గుర్తు మీద గడ్డి తినేవాడు కొమ్ములు పెడితే కూర్చోమంటావా?"

అని లేచి రెండు పంజాలతో మానుని చీల్చడం మొదలుపెట్టాడు. బెరడు పెళ్ళలు పెళ్ళలుగా రాలింది. అది చాలక, రంపం కోసినట్టు గొంతెత్తి అరిచాడు. ఓబులక్క "పాంక్!" అని హెచ్చరిక కూత వేసింది. వాలు పొడుగునా నెమళ్ళు అందుకున్నాయి, కొండముచ్చులు అందుకున్నాయి. నీళ్ళకి దిగినవన్నీ ఎక్కడివక్కడ మాయమైపోయాయి.

పుల్లయ్య నెత్తి కొట్టుకున్నాడు. "దొరా, అదిగో దుప్పి! గట్టు మీద నిలబడి చూస్తోంది. ఇక మన కడుపులు ఎండినట్టే!"

దొర వెనక్కి తిరగలేదు. ఆయాసపడుతూ ఒకడుగు వెనక్కి వేసి, మాను వంక తల వాల్చి చూశాడు.

"చూస్తే చూడనీలే గానీ, పుల్లయ్యా, ఈ గీత కొంచెం వంకర పోయిందంటావా?"

ఎదుటివాడు మానుకోలేని పనిని నమ్ముకుని మాటు వేసేవాడు, ముందు తాను మానుకోలేనిదేమిటో చూసుకోవాలి.