ఎడమకు తిరిగే చోటు

బావులు తవ్వే సుంకన్న ముసలివాడయ్యాడు. గడ్డపార ఎత్తే సత్తువ పోయింది, చూపు మసకబారుతోంది. కళ్లు పూర్తిగా ఆరిపోకముందే తను తవ్విన బావులన్నీ ఒకసారి చూసి, ఒక్కోదాంట్లో దోసెడు నీళ్లు తాగి రావాలనుకున్నాడు. అయితే నీళ్లు పడిన చోట్లకే పోవాలనుకున్నాడు. పడని చోట్లను తలుచుకోవడం అతనికి ఇష్టం లేదు.

మొదటి ఊళ్లో బావి పూడిపోయింది. దాని మీద ఎవరో పశువుల కొట్టం వేసుకున్నారు. నీళ్లు పడిన రోజున ఈ ఊరివాళ్లే అతని మెడలో బంతిపూల దండ వేసి, భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. ఇప్పుడు ఆ వీధిలో కుక్క ఒకటి అతన్ని చూసి మొరిగింది.

రెండో ఊళ్లో బావి నిండుగా ఉంది. నీళ్లు తోడుతున్న ఒకామె చేద వంచి అతని దోసిట్లో పోసింది. నీళ్లు తియ్యగా ఉన్నాయి. సుంకన్నకు ప్రాణం లేచివచ్చింది.

"ఈ బావి ఎవరు తవ్వినారమ్మా?"

"ఎవరో తవ్వేదేంది తాతా? ఇది పెద్దరెడ్డి బావి. గంగమ్మ ఆయన కలలోకొచ్చి చోటు చూపిచ్చిందంట."

సుంకన్న మూతి తుడుచుకున్నాడు. పడుచుతనంలో బావి తవ్విన కొత్తపల్లెకు ఇప్పుడు దారెటని మాత్రం అడిగాడు.

"ఈ బాటనే నేరుగా పో. సుంకన్న గొయ్యి వస్తాది. ఆడ ఎడమకు తిరుగు."

"ఎవరమ్మా ఆ సుంకన్న?"

"ఎవడో బావులోడంట. నీళ్లు లేనిచోట తవ్వి ఊరికే చెడిపోయినాడంట. మాకు తెలిసింది ఆ గొయ్యే."

వేరే దారి లేదు. ఆ బాటనే నడిచాడు.

గొయ్యి దగ్గరికి చేరేసరికి పొద్దు వాలింది. సుంకన్న గట్టు మీద కూలబడ్డాడు. ఆ రోజుల్లో అతను కింద తవ్వుతుంటే పెళ్లాం లింగమ్మ పైనుంచి మోకుతో మట్టితట్టలు లాగేది. ఇక్కడ తవ్వినప్పుడు మూడు నిలువుల లోతున రాయి తగిలింది.

"రాయి మోగతాంది. ఈడ నీళ్లు లేవు, పోదాం పా," అంది లింగమ్మ.

"ఇంకొక్క మూర," అన్నాడు సుంకన్న. అప్పటికే అతని అరచేతులు పగిలి నెత్తురు కారుతున్నాయి. గట్టెక్కిన అతని చేతిలోంచి లింగమ్మ గడ్డపార తీసుకుని తనే దిగింది. ఆ మధ్యాహ్నం గోతి గోడ విరిగి ఆమె మీద పడింది. చీకటి పడేదాకా తవ్వినా ఆమె చెయ్యి కూడా దొరకలేదు. తరవాత కూడా సుంకన్న బావులు తవ్వాడు. కొన్నింట్లో నీళ్లు పడ్డాయి, దండలు పడ్డాయి. ఇటువైపు మాత్రం ఎప్పుడూ రాలేదు.

మూట భుజానేసుకున్న బాటసారి ఒకడు వచ్చి ఆగాడు. "పెద్దాయనా, కొత్తపల్లెకు పోవాల. సుంకన్న గొయ్యంటే ఇదేనా?"

సుంకన్న లోపలికి చూశాడు. అడుగున తుమ్మచెట్టు ఒకటి మొలిచి ఉంది.

"కాదు నాయనా. ఇది లింగమ్మది."

"మరి సుంకన్నది?"

"దాన్ని ఇంకా తవ్వలేదు."

బాటసారికి అర్థం కాలేదు. చీకటి పడుతోందని కంగారుపడి, ఆ గొయ్యి ఇంకా ముందుందనుకుని, ఎడమకు తిరగకుండా నేరుగా నడిచాడు. అటు ఊళ్లు లేవు. సుంకన్న కర్ర ఊతంతో లేవబోయి మళ్లీ కూలబడ్డాడు. "ఎడమకు!" అని గొంతు చించుకుని కేకేశాడు.

కేక గోతిలోకి దిగి, అక్కడే తిరిగింది.