ఉస్తానీమా పాఠం అప్పజెప్పిన రోజు

2017 మార్చి 12, ఆదివారం. సాయంత్రం అయిదుంబావు. అసర్ నమాజు అయింది. రాయచోటిలో మా ఇంటి వసారాలో చాప మీద ఎండ ఇంకా ఉంది. తారీఖు నాకు బాగా గుర్తు. ఆ రోజే మా తహసీన్ పన్నెండో మోడల్ పేపరు రాసి ఇంటికొచ్చింది.

తహసీన్ మా పెద్దమ్మాయి. డాక్టరు సీటు కోసం రెండోసారి చదువుతోంది. "ఈ ఒక్క ఏడాది చూస్తా అబ్బా. రాకపోతే మళ్లీ అడగను" అని వాళ్ల నాన్నకు తనే మాటిచ్చి కోచింగులో చేరింది. అసలు పరీక్షకు ఇంక యాభై ఆరు రోజులు.

గడపలోకి వస్తూ వాళ్ల అబ్బాకు ఫోనులో "అయిదు వందల ముప్పై వచ్చాయి" అని చెప్పింది. ఫోను పెట్టేసి, ఉస్తానీమా పక్కన కూలబడి ఏడ్చింది. నిజానికి ఏడు వందల ఇరవైకి వచ్చింది నాలుగు వందల ముప్పై ఒకటి.

ఉస్తానీమా అంటే మా ఆయన మేనత్త, సఫూరా బీ. అప్పటికి డెబ్బై ఆరేళ్లు. ఖురాన్ మొత్తం కంఠతా వచ్చు. మా వీధిలో మూడు తరాల ఆడపిల్లలు ఆమె ముందు కూర్చునే అలిఫ్, బే అని అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నారు. ఆమెది ఒకటే పద్ధతి. పాఠం అప్పజెప్పేటప్పుడు నాలుక ఎక్కడ తడబడితే, ఆ మాట కింద పెన్సిలుతో సన్నగా గీత పెట్టేవారు. తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. మర్నాటి పాఠం మాత్రం ఆ గీత దగ్గరే మొదలయ్యేది.

"మొదటి పేపరుకెన్ని వచ్చాయి?" అని అడిగారు ఉస్తానీమా.

"నాలుగు వందల ఇరవై ఎనిమిది."

"పన్నెండు రాసి మూడు మార్కులు నడిచావు. తప్పులు ఎక్కడొస్తున్నాయి?"

"తెలీదు."

"చూడలేదా?"

"చూస్తే కాళ్లూ చేతులూ ఆడవు ఉస్తానీమా. మార్కులు చూసి పెట్టెలో పడేస్తా. తప్పుల్ని చూస్తూ కూర్చునే బదులు ఇంకో పేపరు రాసుకోవచ్చు కదా."

ఉస్తానీమా "ముఖం కడిగి, నమాజుకు ముందు చేసుకున్నట్టు వుజూ చేసుకుని రా" అన్నారు.

అది వచ్చి కూర్చున్నాక, తన ఖురాన్ తీసి దాని చేతుల్లో పెట్టారు. అట్ట నాలుగైదుసార్లు కుట్టించిన పాత పుస్తకం.

"పట్టుకో. రంజాన్ దగ్గర పడుతోంది, ఆడవాళ్లకు ఖురాన్ నేను వినిపించాలి. నా పాఠం విను."

"నేనా?"

"ఏం, కళ్లద్దాలు పెట్టుకున్నావుగా."

నేను గడప లోపల బియ్యం ఏరుతున్నదాన్ని ఆపి విన్నాను. ఆమె పాఠం అప్పజెప్పడం నేనెప్పుడూ చూడలేదు. కళ్లు మూసుకుని మెల్లగా మొదలుపెట్టారు. సగం పేజీ సాఫీగా సాగింది. ఆ తర్వాత ఒకచోట గొంతు కొంచెం పక్కకు వెళ్లినట్టనిపించింది. ఒకే రకం మాటలు రెండు సూరాల్లో, అంటే రెండు అధ్యాయాల్లో వస్తాయి. చివర ఒక్క మాట మారుతుంది. ఆమె ఇంకో సూరాలో మాట ఇక్కడ చదివేశారు. తహసీన్ తలెత్తి చూసింది. మళ్లీ దించేసింది.

పేజీ అయిపోయాక ఉస్తానీమా కళ్లు తెరిచారు.

"ఎక్కడ తప్పాను?"

"ఎక్కడా తప్పలేదు ఉస్తానీమా."

"బిడ్డా, ఖురాన్ నీ చేతిలో ఉంది."

తహసీన్ ముఖం ఎర్రబడింది. వేలు తెచ్చి ఆ మాట మీద పెట్టింది.

"పెన్సిలు తీసుకో. గీత పెట్టు."

"మీకా? నా చేత్తోనా?"

"మరి ఎవరి చేత్తో? విన్నది నువ్వు."

తహసీన్ వంగింది. వంగి, అలాగే ఉండిపోయింది. ఆ మాట కింద ఖాళీ లేదు. పాతబడి బూడిదరంగుకొచ్చినవి, కొంచెం కొత్తవి, అన్నీ గీతలే.

"ఇవన్నీ..."

"అక్కడే. నాకు పద్నాలుగేళ్లప్పటి నుంచీ. మొదటిది నాకు చదువు చెప్పిన ఉస్తాదు పెట్టింది."

"ఇన్నేళ్లయినా పోలేదా?"

"పోలేదు. ఎక్కడుందో మాత్రం తెలుసు."

తహసీన్ పక్కన చోటు చూసుకుని చిన్న గీత పెట్టింది. ఉస్తానీమా ఆ వాక్యాన్ని మూడుసార్లు సరిగ్గా చదివి, పుస్తకం గుడ్డ గలీబులో పెట్టారు.

"ఇంక నీ పెట్టె తీసుకురా."

పన్నెండు పేపర్లూ చాప మీదికొచ్చాయి. ఉస్తానీమాకు ఇంగ్లీషు రాదు. ఎర్ర ఇంకు మాత్రం కనపడుతుంది. ఎర్రగా ఉన్నచోటల్లా వేలు పెట్టి, "ఇక్కడ ఏమైంది?" అని అడిగేవారు. అంతే. అది చెప్పేది.

"ఇది అసలు రాదు."

"సరే, నేర్చుకో. ఇక్కడ?"

"లిఫ్టు కిందికి దిగుతోంది. నేను పైకి పోతున్నట్టు లెక్క వేశా."

"ఎందుకూ?"

"క్లాసులో పైకి పోయేది చేయించారు."

"కిందికని అక్కడ రాసుందా?"

"రాసుంది."

"నేను లిఫ్టు ఎప్పుడూ ఎక్కలేదు గానీ, ఎక్కినవాళ్లు చూసుకోరా తల్లీ, ఎటు పోతోందో?"

తహసీన్ ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. ఆ రోజు దాని నవ్వు అప్పుడే విన్నాను.

రెండో పేపరులోనూ అలాంటివి వచ్చాయి. మూడో పేపరులోనూ. నాలుగో పేపరు మధ్యలో ఉస్తానీమా అడగకముందే తహసీన్ ఆగిపోయింది.

"రానివి కొన్నే ఉన్నాయి ఉస్తానీమా" అంది మెల్లగా. "వచ్చినవే తప్పుతున్నా. కొత్త లెక్కను చూసి పాత లెక్క చేసేస్తున్నా."

ఉస్తానీమా కాళ్లు చాపుకుని మోకాళ్లు నొక్కుకున్నారు.

"నాలుకైనా చెయ్యైనా అంతే బిడ్డా. తెలిసిన సందులోకే తిరుగుతుంది."

పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ అయింది. ఇద్దరూ నమాజుకు లేచారు.

మర్నాడు తెల్లవారుజామున ఫజర్ నమాజయ్యాక తహసీన్ వాళ్ల అబ్బా దగ్గర కూర్చుని, మార్కులు నిజంగా ఎన్ని వచ్చాయో చెప్పింది. ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. తర్వాత అయిదో పేపరు చేతిలోకి తీసుకున్నారు.

"నాకిది చదవడం రాదు. నువ్వు చెప్పు, వింటా" అన్నారు.

నేను చాయ్ రెండుసార్లు వేడి చేశాను. ఆ రోజు మా ఇంట్లో అందరం టిఫిను తినేసరికి పదిన్నర అయింది.