ముప్పై ఏడు దగ్గర

దానయ్య ఊహించిన సూత్రం తప్పని తేలితే బాగుండునని వకుళ వారం రోజులుగా కోరుకుంటోంది.

సోమయాజులు మాస్టారి దగ్గర పరిశోధనలో ఆమె సీనియర్. దానయ్య నిరుడు చేరాడు. ఒక సంఖ్యను చిన్న సంఖ్యల మొత్తంగా ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో లెక్కపెట్టడం వాళ్ళ పని. రెండు వేరువేరు నియమాలతో విడగొట్టినా లెక్క ఎప్పుడూ ఒక్కటే వస్తుందని దానయ్యకు తోచింది. ముప్పై దాకా చేత్తో సరిచూశాడు. కంప్యూటర్లు అందుబాటులో లేని రోజులవి. నిరూపణ లేదు.

మాస్టారు దాన్ని క్యూ-శ్రేణి అనే బీజగణిత రూపంలోకి మార్చి బోర్డు మీద రాశారు. పైన ‘దానయ్య ఊహ’ అని పేరు పెట్టి, చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. వకుళ రాసినదేదీ ఆయన అలా చూడలేదు.

ఆమె ముప్పై ఒకటి నుంచి మొదలుపెట్టింది. ముప్పై ఆరు దాకా లెక్క కుదురుతూనే వచ్చింది. కుదిరినప్పుడల్లా పళ్ళు కొరుక్కుంది. ముప్పై ఏడు దగ్గర ఒక నియమం వైపు లెక్కలో ఒకటి తగ్గింది.

కాగితాలు పట్టుకుని మాస్టారి గదికి పరుగున వచ్చింది.

“పోయిందండీ మాస్టారూ. ముప్పై ఏడు దగ్గర పోయింది.”

మాస్టారు కాగితాలు అందుకోలేదు. లేచి, బోర్డు మీద దానయ్య పేరు తుడిచి, ఆ చోట ‘వకుళ’ అని రాశారు.

“ఇప్పుడు మళ్ళీ చూడమ్మా,” అని వెళ్ళి కాఫీ కలుపుకోసాగారు.

వకుళ కాసేపు తన పేరు వంక చూసింది. బెంచీ మీద కూర్చుంది. ఎక్కువొచ్చిన వైపు లెక్క అంతకుముందే రెండుసార్లు చూసుకుంది. తగ్గిన వైపు రెండోసారి చూడనేలేదు. ఇప్పుడు చూసింది. అసలు విడగొట్టకుండా, ముప్పై ఏడు ఒక్కటే ఉండే రకాన్ని రాయడం మరిచిపోయింది.

“కుదిరిందండీ,” అంది మెల్లగా.

అప్పుడే దానయ్య లోపలికి వచ్చాడు. ఆ మాట విని, ఆమె ముందున్న లెక్కలు చూసి గుమ్మంలోనే ఆగాడు.

“ముప్పై దాటి చూశారా? నేను చూడలేకపోయానండీ. ఎక్కడ పోతుందోనని భయమేసింది.”

“నేను అది పోవాలనే చూశాను,” అంది వకుళ.

మాస్టారు కాఫీ కలపడం ఆపారు.

దానయ్య స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

“అయితే చెప్పండి. ఎక్కడ పోతుందనిపించింది? ఎందుకు పోలేదు?”

ఆ గొంతులో కోపం ఉందేమోనని వకుళ వెతికింది. లేదు. ‘ఎందుకు పోలేదు’ అని వారమంతా తను ఒక్కసారైనా అడగలేదు.

కాగితాలు అతని వైపు జరిపింది.